ఊటకోనలో మూడో పిలుపు

నాలో ఒక మంచి గుణం ఉంది. విన్న కథను విన్నట్టు ఎవరికీ చెప్పను. ఒకరింటికి పోయేటప్పుడు చేతిలో పండో పువ్వో పెట్టుకొని పోతాం కదా, కథ చెప్పేటప్పుడూ నా వంతుగా ఏదో ఒకటి చేర్చి ఇస్తాను. మా వాళ్ళు దీన్ని కోతలంటారు. నేను మర్యాద అంటాను.

అయితే ఈ కథకు మాత్రం ఏమీ చేర్చను. చేర్చాల్సిందంతా ఆ రాత్రే చేర్చేశాను.

ఊటకోన పేరు మీరు వినే ఉంటారు. మదరాసు నుంచి గుమ్మిడిపూండి దాటి, తమిళనాడు ఎక్కడ అయిపోయిందో ఆంధ్రా ఎక్కడ మొదలైందో కొండలకే తెలియని చోట ఒక ఏరు, దాని మీద రెండు జలపాతాలు, చుట్టూ అడవి. ఆదివారమైతే వ్యాన్లు కట్టించుకొని పోతారు. స్నానాలు, పులిహోర పొట్లాలు, ఫోటోలు. కానీ పొద్దు వాలిందంటే — ఒక్కరు ఉండరు.

ఎందుకంటే చీకటి పడ్డాక ఆ ఏటి ఒడ్డున ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తుందట. ఏడవదట. నవ్వదట. గజ్జెల చప్పుడు గిజ్జెల చప్పుడు ఏమీ లేదట. ఒక మగవాణ్ణి పేరు పెట్టి పిలుస్తుందట.

రెండుసార్లు. అంతే.

మూడోసారి పిలవదట... పిలవదు గనకే భయమట.

ఈ కథ నాకు చాలామంది చెప్పారు. ఒకాయన వణుకుతూ చెప్పాడు, ఒకాయన మా అంగడిలో కాఫీ తాగుతూ చెప్పాడు. అందరూ విన్నవాళ్ళే. ఆ రాత్రి అక్కడ ఉన్నవాణ్ణి నేను.

*

మాది మదరాసులో చూలై. తాతల కాలం నుంచి ఇక్కడే. సౌకార్‌పేటలో మాకు టార్చిలైట్ల హోల్‌సేల్ అంగడి ఉంది. చీకటంటే భయపడేవాళ్ళ మీద బతికే కుటుంబం మాది. బజారులో నన్ను టార్చి శెట్టి అంటారు, మా అమ్మ గోవిందమ్మ కోదండం అంటుంది. కోదండరాం అనే నా నిండు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినపడదు. చదువు ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గర నన్ను వదిలిపెట్టి పోయింది. ఆ తర్వాత పొట్లాలు కట్టే పాత పుస్తకాల కాగితాలు చదివి నేనే పైకొచ్చాను. అందువల్ల నాకు చాలా కథల మధ్య భాగాలు బాగా వచ్చు.

నా భార్య కోకిల. పెళ్ళైనప్పటి నుంచి నా పేరు ఆమె నోట రాలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందని. నన్ను పిలవాలంటే ‘ఇందా’ అంటుంది. కాస్త దూరంలో ఉంటే ‘కార్తీక నాయనా’ అంటుంది. కార్తీక మా కూతురు. దాన్ని బడిలో చేర్చేటప్పుడు నేను అంగడి వదిలి రాలేక కోకిలనే పంపాను. ఆఫీసులో ఆయన తండ్రి పేరు అడిగితే, ఈమె గోడ మీది క్యాలెండర్‌లో విల్లు పట్టుకొని నిలబడ్డ రాముడి వైపు వేలు చూపించిందట. ఆయన ‘శ్రీరాములు’ అని రాసుకున్నాడు. మొదటి క్లాసంతా నా కూతురు శ్రీరాములు గారి అమ్మాయే.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే — ఆ రాత్రి నేను చేసిన పనికి ఇదే నా సాకు. ఇంతకంటే మంచి సాకు ఇప్పటికీ దొరకలేదు.

*

ఊటకోనకు మమ్మల్ని లాక్కొని పోయింది నా బావమరిది శ్యామ్. పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని. అప్పుడే పెళ్ళైంది, భార్య పేరు నివేదిత. ఎవరి దగ్గరో రెండు టెంట్లు అడిగి తెచ్చి, క్యాంపింగ్ పోదాం బావా అన్నాడు. ఇల్లు, మంచం, ఫ్యాను అన్నీ ఉన్నవాళ్ళు అవేవీ లేని చోటికి పోయి పడుకోవడాన్ని క్యాంపింగ్ అంటారని నాకు అప్పుడే తెలిసింది. తొంభైమూడో సంవత్సరం, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు.

నేను వద్దందామనుకున్నాను. కోకిల అప్పటికే అటక మీద నుంచి పెద్ద స్టీలు డబ్బా దించి తుడుస్తా ఉంది. పుట్టిల్లు, తిరుపతి — ఈ రెండు తప్ప ఆమె ఇంకో ఊరు చూడలేదు. కార్తీకను మా అమ్మ దగ్గర వదిలి బయలుదేరాం. నేను అంగడిలో ఉన్నవాటిలో పెద్ద టార్చి, మూడు బ్యాటరీలది, చంకలో పెట్టుకున్నాను. వెలుతురు కొడితే ఎదురుగా ఉన్న కొండ మీద చెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు. రైల్లో దాన్ని ముగ్గురికి చూపించాను. అడగనివాళ్ళకు కూడా.

గుమ్మిడిపూండిలో దిగి, వ్యాను ఎక్కి, చివర్లో నడక. బండల మీద సున్నంతో బాణం గుర్తులు వేసి ఉన్నాయి, దారి తప్పకుండా. మొదటి జలపాతం చిన్నది, పిల్లలు గొడవ చేసినట్టు ఉంటుంది. రెండోది పెద్దది. దాని దగ్గర మాట వినపడదు. కోకిల చెప్పులు విడిచి, చీర కొంగు బిగించి, నేరుగా పోయి దాని కింద నిలబడింది. నీళ్ళు నెత్తిన పడుతుంటే నోరు తెరిచి నవ్వింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె పళ్ళు అన్నీ నేను ఒకేసారి చూడటం అదే. పక్కన ఎవరో చూస్తున్నారని నాకు సిగ్గేసి ‘చాలు, రా’ అన్నాను. వచ్చేసింది.

సాయంత్రం ఏటికి పైన, చదునుగా ఉన్న గడ్డి మీద టెంట్లు వేశాం. ఆడవాళ్ళకు ఒకటి, మగవాళ్ళకు ఒకటి. అవతల గట్టున కాలేజీ కుర్రాళ్ళ గుంపు ఒకటి దిగి ఉంది. మా వైపు ఫారెస్టు వాచర్ ఏళుమలై ఒక్కడే. నేను అతని దగ్గరికి పోయి, మెల్లగా, ఇక్కడ దెయ్యం గియ్యం ఏమైనా ఉందా అని అడిగాను.

అతను బీడీ తీసి నా వైపు చూశాడు. “దెయ్యం లేదు సార్. పాచి ఉండాది. చీకటి పడితే నీళ్ళ కాడికి దిగొద్దండి, జారతాది.”

నాకు చప్పబడిపోయింది. ఇంత అడవి, ఇంత చీకటి, ఇంత మంచి టార్చి — దెయ్యం లేకపోతే ఎట్లా?

*

రాత్రి మంట వేసుకొని కూర్చున్నాం. పులిహోర, పెరుగన్నం అయ్యాయి. నివేదిత, ఏదైనా చెప్పండి అన్నా అనింది. నేను గొంతు సవరించుకున్నాను.

ఏళుమలైకే తెలియని దెయ్యాన్ని అక్కడికక్కడ పుట్టించాను. పేరు పొన్నుతాయి. కొత్తగా పెళ్ళైన పిల్ల. మొగుడితో ఈ కోనకు వచ్చింది... నీళ్ళకు దిగింది... కాలు జారింది. మొగుణ్ణి పిలిచింది. వాడు పలకలేదు. అప్పటి నుంచి చీకటి పడితే చాలు — ఏటి అంచున నిలబడి, వచ్చిన మగవాళ్ళను ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరి గొంతైతే మనం నమ్ముతామో, ఆ గొంతుతో.

“పలికితే?” నివేదిత గొంతు గుసగుసగా వచ్చింది.

నేను మంటలోకి చూస్తూ, వెంటనే చెప్పకుండా, ఒక పుల్ల విరిచి వేశాను. ఇవన్నీ నాకు బాగా వచ్చు. పలికితే నీళ్ళలోకే అన్నాను. మూడోసారి పిలిస్తే మనిషి. రెండుసార్లే పిలిచి ఊరుకుంటే — అది. అందుకే మూడో పిలుపు దాకా పలకకూడదు. ఇది మా అవ్వ చెప్పిన మాటే, నేను కల్పించింది కాదు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నాకు మర్యాద ఎక్కువ కదా. ఇంకోటి చేర్చాను.

“దానికి వెలుతురంటే ఇష్టం. లైటు కనపడితే అటే వస్తాది.”

శ్యామ్ కూడా మంటకు దగ్గరగా జరిగాడు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఆ పట్టులో ఉండగా కోకిల వెనక నుంచి వంగి నా చెవిలో ఏదో అనింది. నా కథలన్నీ ఆమెకు కంఠతా వచ్చు, కూర్చొని వినే అలవాటు ఎప్పుడో పోయింది. నిద్రొస్తాంది, పడుకుంటా అని ఉంటుందిలే అనుకొని, సరే సరే అన్నట్టు చెయ్యి ఊపాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కథ పట్టు జారిపోతుంది.

*

మంట ఆరింది. నివేదిత ఆడవాళ్ళ టెంటుకు పోనని మొండికేసింది. మగవాళ్ళ టెంటులోనే కొవ్వొత్తి వెలిగించి మొగుడూ పెళ్ళాం పేకాట మొదలుపెట్టారు. రెండో టెంటు చీకటిగా ఉంది. కోకిల నిద్రపోయిందని అనుకున్నాను.

నాకు బయటికి పోవాల్సి వచ్చింది.

శ్యామ్‌ను తోడు రమ్మని అడగడానికి నోరు రాలేదు. ఇంతసేపూ పొన్నుతాయిని ఎదురుగా చూసినట్టు చెప్పినవాణ్ణి. టార్చి తీసుకొని, ఈల వేసుకుంటూ, చెట్ల పక్కకు పోయాను. పని అయింది. వెనక్కి రావచ్చు. కానీ చేతిలో మూడు బ్యాటరీలు ఉన్నాయే! ఏటికి దిగే దారి మొదట్లో నిలబడి కిందికి వెలుతురు కొట్టాను. బండలు... సున్నం గుర్తులు... అంతకు కింద నీళ్ళ మీద పలచగా ఆవిరి. లైటు అంత దూరం పోయినందుకు నాలో నేను మెచ్చుకున్నాను.

అప్పుడు —

“కోదండరాం...”

ఈల ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడే అనుకున్నాను. చెవిలో రక్తం చప్పుడు అనుకున్నాను. కానీ నీళ్ళకు నా పేరు ఎట్లా తెలుస్తుంది? అది ఆడగొంతు. తెలియని గొంతు కూడా కాదు... కోకిల గొంతు. ముమ్మూర్తులా ఆమెదే. అదే భయం. ఎందుకంటే ఈ లోకంలో నా పేరు పలకని మనిషి ఎవరైనా ఉందంటే అది కోకిల ఒక్కతే. ఆమె టెంటులో నిద్రపోతూ ఉంది. కింద నీళ్ళలో నుంచి ఆమె గొంతు — ఆమె ఎప్పుడూ పలకని పేరుతో — నన్ను పిలుస్తా ఉంది.

ఎవరి గొంతైతే మనం నమ్ముతామో, ఆ గొంతుతో.

అరగంట కింద నేనే అల్లిన మాట అది. కల్పించింది నేనే, నమ్మిందీ నేనే. ఇంత నిజాయితీ గల కథకుణ్ణి మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

“కోదండరాం...”

ఈసారి కొంచెం గట్టిగా. చివర విరిగినట్టు.

నా చేతిలో లైటు వెలుగుతానే ఉంది. దానికి వెలుతురంటే ఇష్టం. లైటు కనపడితే అటే వస్తాది...

బొటనవేలు దానంతట అదే స్విచ్చి మీదికి పోయింది.

లైటు ఆర్పేశాను.

చీకట్లో నిలబడ్డాను. మూడోసారి పిలిస్తే పలుకుదామనే అనుకున్నాను — కార్తీక మీద ఒట్టు. చెవులు రిక్కించి విన్నాను. నీళ్ళు. పురుగుల రొద. ఎక్కడో ఆకు రాలిన చప్పుడు...

మూడో పిలుపు రాలేదు.

ఇంక నేను ఎట్లా వచ్చానో నాకు తెలియదు. ఒక చెప్పు మాత్రం దారిలో ఉండిపోయింది. టెంటులో దూరి, తలుపు గుడ్డ లాగి, దానికున్న తాళ్ళన్నీ ముడి మీద ముడి వేశాను. శ్యామ్ పేకల మీది నుంచి తల ఎత్తి, ఏమైంది బావా అని అడిగాడు. చలి అన్నాను. చెమటలు కారుతున్న మొహంతో.

నివేదిత తన పేకలు కింద పెట్టింది. వదినెను కూడా ఈడికే పిలుచుకొద్దాం, ఆడ ఒక్కతే ఎందుకు అనింది.

నిద్రపోయేదాన్ని లేపడం ఎందుకులే అన్నాను. బయటికి పోయే మాట ఏదైనా సరే, నాకు వద్దు.

“నిద్రేంది అన్నా?” అనింది నివేదిత. “గిన్నెలు కడిగేదానికి ఏటికాడికి పోయిందే వదినె. శానా సేపైంది, ఇంకా రాలా. మీకు చెప్పే కదా పోయింది... మీరే చెయ్యి ఊపినారు, సరే అని.”

కొవ్వొత్తి మంట నిటారుగా ఉంది. గాలి లేదు.

నాకు అర్థమైంది. అర్థమైన మరుక్షణం లేవాలి కదా? లేవలేదు. ఆ మాట ఇక్కడ రాయకుండా దాటేద్దామని చూశాను, కుదర్లేదు. చేతిలో టార్చి ఉంది, స్విచ్చి మీద వేలు ఉంది, నొక్కలేకపోయాను. శ్యామ్ అప్పటికే లేచి తలుపు గుడ్డ వైపు పోతున్నాడు —

బయట గడ్డి మీద అడుగు చప్పుడు. ఒక కాలు గట్టిగా... ఒక కాలు ఈడ్చినట్టు...

టెంటు గుడ్డ ముందు ఆగింది. నీళ్ళు కారుతున్న చప్పుడు, చుక్క తర్వాత చుక్క.

శ్యామ్ ఆగిపోయాడు. నివేదిత నా చొక్కా పట్టుకుంది. నేను పట్టుకోవడానికి ఎవరూ లేరు.

“ఇందా,” అనింది బయటి గొంతు, మెల్లగా. “తలుపు తియ్యి.”

ఏ దెయ్యానికీ తెలియని పిలుపు అది. మూడో పిలుపు. పలకాల్సిన పిలుపు.

“అక్కా!” అని శ్యామే పలికాడు.

తలుపు తీద్దామంటే రాదే. నేను వేసిన ముడులు అన్నీ ఇన్నీ కావు. అంగడిలో పార్సెళ్ళు కట్టి కట్టి అబ్బిన విద్య, ఊరికే పోతుందా? శ్యామ్ గోళ్ళతో, నివేదిత పళ్ళతో విప్పుతూ ఉంటే, బయట ఆమె తడిసిన బట్టలతో నిలబడే ఉంది. ఏమైందని గానీ తొందరగా రమ్మని గానీ అనలేదు. ఆ ముడులు ఎవరు వేసినవో చూసేవాళ్ళకు తెలుస్తుంది. ఆమెకైతే చూడకుండానే తెలుస్తుంది.

*

గిన్నెలు కడిగి లేస్తూ ఉంటే పాచి మీద కాలు జారిందట. రెండు బండల నడుమ పాదం ఇరుక్కుంది. నడుము దాకా నీళ్ళు, చేతికి దొరికింది ఒక చెట్టు వేరు. డబ్బా కొట్టుకుపోబోతే దాన్ని కూడా వదల్లేదు. చాలాసేపటికి తనే కాలు పీక్కొని, సున్నం గుర్తులు వెతుక్కుంటూ, చేతులూ మోకాళ్ళ మీద పైకి వచ్చింది. చీలమండ దగ్గర చర్మం అంతా లేచిపోయి ఉంది. ఇవన్నీ ఆమె చెప్పింది ఒక్కో ముక్కే, నివేదిత అడిగినదానికి అడిగినంతే.

నివేదిత తువ్వాలుతో తల తుడుస్తూ, పిలవకూడదా వదినా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“పిలిచినా.”

“ఎవర్ని?”

కోకిల నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

“దేవుణ్ణి,” అనింది. “నీళ్ళ సద్దులో ఎవరికి వినపడతాది లే.”

ఆ దేవుడు ఎవరో నాకు తెలుసు. టెంటు మూలన, ఒంటి చెప్పుతో, మూడు బ్యాటరీల టార్చి ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉన్నాడు.

శ్యామ్ ఆమె కాలికి గుడ్డ చుట్టాడు. లైటు చూపించు బావా అన్నాడు. చూపించాను. ఎంత బాగా వెలిగిందో! ఆ పుండు మీద అంత తెల్లటి వెలుతురు పడటం నేను చూడలేకపోయాను. ఆమె మాత్రం ఆ వెలుతురు వైపే చూస్తూ ఉంది, పుండు వైపు కాదు.

తెల్లారి ఏళుమలై వచ్చి కొత్త సంగతి చెప్పాడు. అవతల గట్టున దిగిన కాలేజీ కుర్రాళ్ళు తెల్లవారకముందే మూటలు కట్టుకొని పోయారట. రాత్రి ఎవరో ఆడమనిషి మగవాడి పేరు పెట్టి రెండుసార్లు పిలిచిందట, కొండ మీద ఒక వెలుతురు టక్కున ఆరిపోయిందట. ఇన్నేళ్ళలో ఇట్లాంటిది ఎప్పుడూ లేదు సార్ అని తల గోక్కున్నాడు. నేను నా రెండో చెప్పు వెతుక్కుంటున్నట్టు వంగాను. నిజంగానే వెతుక్కుంటున్నాను కూడా.

అవతల గట్టుకు వినపడింది. ఏరు దాటి వినపడింది. నీళ్ళ సద్దు ఎవరికీ అడ్డం కాలేదు.

తిరుగు రైల్లో కోకిల కిటికీ పక్కన కూర్చుంది. పొన్నేరి దాటేదాకా నేను నోటిలో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. గొంతు గుర్తుపట్టలేదని చెబుదామా? గుర్తుపట్టాను. వినపడలేదని చెబుదామా? అది ఆమె ముందే చెప్పేసింది, నా తరఫున. ఏదో ఒకటి మొదలుపెట్టబోయే లోపు ఆమే, బయటికి చూస్తూనే అనింది.

“ఇందా. ఆ లైటు ఎవరికీ అమ్మొద్దు.”

“ఎందుకు?”

“కావలసినప్పుడు ఆరిపోతాంది.”

అంతే. ఆ మాట తర్వాత ఆమె ఆ రాత్రి ఊసు ఎత్తలేదు. ఇంటికి వచ్చాక కార్తీకకు జలపాతం గురించి చెప్పింది. నీళ్ళు నెత్తిన పడితే ఎట్లా ఉంటుందో చెప్పింది. కాలికి ఏమైందమ్మా అంటే, పాచి అనింది.

*

మొన్న, అంటే తొంభైతొమ్మిదిలో, తిరువొత్తియూరు నుంచి ఆరోగ్యసామి అని కొత్త బేరం ఒకాయన అంగడికి వచ్చాడు. మధ్యాహ్నం వేళ. కోకిల క్యారియర్ తెచ్చి, లోపల స్టూలు మీద కూర్చొని ఉంది. ఆయన నాలుగు రకాల టార్చిలు వెలిగించి చూసి, ఊటకోన వైపు పోతున్నాం సార్, గట్టిది ఇవ్వండి అన్నాడు. అని, గొంతు తగ్గించి, ఆ చోటు సంగతి తెలుసు కదా అన్నాడు.

తెలియదన్నాను.

ఆయన చెప్పాడు. బాగానే చెప్పాడు. వెంటనే చెప్పకుండా ఆగాల్సిన చోట ఆగాడు. నీళ్ళలో ఆడమనిషి... రెండు పిలుపులు... ఆరిపోయిన వెలుతురు... నా సరుకంతా ఉంది. నేను పెట్టిన పొన్నుతాయి అనే పేరు ఒక్కటే ఎక్కడో రాలిపోయింది. ఇంకో పేరు మాత్రం మిగిలింది.

“కోదండరాం అని పిలుస్తాదంట సార్. ఎవడో మొగుడు. పెళ్ళాం నీళ్ళలో పడి పిలుస్తా ఉంటే, గట్టు మీద లైటు పట్టుకొని నిలబడినోడు... ఆర్పేసి పోయినాడంట. ఆయమ్మ ఆడనే పోయిందంట పాపం.”

నేను ఒక టార్చిలో బ్యాటరీలు వేస్తున్నాను. తలకిందులుగా వేశానని తర్వాత తెలిసింది.

వెనక నుంచి కోకిల గొంతు వచ్చింది, ఏదో బియ్యం ధర చెప్పినంత మామూలుగా.

“పోలేదంట. నేను విన్నదాంట్లో ఆయమ్మ తనే ఎక్కొచ్చేసింది.”

ఆరోగ్యసామి ఆమె వైపు తిరిగాడు. పాపం, ఆయనకు నిజంగానే సందేహం వచ్చింది. మా తమ్ముడు పోయిన నెల ఆడ పడుకున్నాడమ్మా, వాడు చెవులారా విన్నాడు, రాత్రి ఆ గొంతు వచ్చిందన్నాడు.

“మనిషి ఎక్కొచ్చేసుంటే... మరి ఆడ ఇంకా పిలుస్తా ఉండేది ఎవరమ్మా?”

బయట బండ్ల హారన్లు, కూలీల అరుపులు. అంగడి లోపల మాత్రం ఏటి అంచున నిలబడినట్టు అయింది నాకు.

కోకిల క్యారియర్ దగ్గరికి లాక్కుంది.

“పిలుపు ఆడనే ఉండిపోయుంటాది,” అనింది.

ఆయన చేతుల మీద రోమాలు లేచాయి, నేను చూశాను. టార్చి తీసుకొని, బ్యాటరీలు సరిగా వేయించుకొని, తొందర తొందరగా వెళ్ళిపోయాడు. ఆమె క్యారియర్ గిన్నెలు విప్పి బల్ల మీద పెట్టింది.

“ఇందా, అన్నం చల్లారిపోతాంది.”

కూర్చొని తిన్నాను. ఆ పెద్ద టార్చి ఇప్పటికీ మా అంగడిలో పై అర మీద ఉంది, ఎవరికీ అమ్మలేదు. అప్పుడప్పుడు దించి స్విచ్చి వేసి చూస్తాను. ఎప్పుడూ వెలుగుతుంది. దాంట్లో ఏ లోపమూ లేదు.

ఆమె మళ్ళీ నన్ను పేరు పెట్టి పిలవలేదు. పిలవమని ఒక్కసారి అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే, ఎందుకు అంటుందేమో. ఎందుకో చెప్పాలంటే ఆ రాత్రి నుంచి మొదలుపెట్టాలి. పరాయివాళ్ళకు ఇంత కథ చెప్పగలిగినవాణ్ణి, పక్కన కూర్చున్న మనిషికి ‘విన్నాను’ అనే ఒక్క ముక్క చెప్పడం ఎట్లాగో నేను ఇంకా నేర్చుకోలేదు.